సాగిన గొలుసు

ఈ మధ్య ఇక్కడి కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరిన మన పిల్లలు ఒకరిద్దరు ఫోన్ చేసి, "ఆంటీ, ఇన్నేళ్ళు పని చేశారు కదా, మాకేమైనా టిప్స్ చెప్పండి" అని అడుగుతున్నారు. టిప్స్ అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మంట. వంటింట్లో మరకలు పోవడానికి టిప్స్ ఉంటాయి గానీ, ఎదురుగా కూర్చున్న మనిషిని నమ్మాలా వద్దా అన్నదానికి టిప్స్ ఎక్కడినుంచి తేను? నా దగ్గరున్నది ఒక తప్పు మాత్రమే. నేను చేసిందే. కావాలంటే అది చెబుతాను, వినండి.

నాది కాకినాడ. అక్కడ ఒక డిగ్రీ కాలేజీలో తొమ్మిదేళ్ళు హిస్టరీ చెప్పాను. కెనడా వచ్చాక మొదట కాల్ సెంటర్, తరువాత లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని, ఆఖరికి ఒంటారియోలో ఒక చిన్న ఊరి కాలేజీలో పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్. నా కోర్సు ఎవరూ ఇష్టపడి తీసుకునేది కాదు. సప్లై చైన్, వెబ్ డిజైన్ చదివేవాళ్ళకి ఒక హ్యుమానిటీస్ క్రెడిట్ తప్పనిసరి. మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి సీట్లు ఖాళీగా ఉండేది నా క్లాసు ఒక్కటే. సామ్రాజ్యాలు భూములు ఎలా సంపాదించాయి అన్నది సబ్జెక్టు. అందులో సగానికి సగం ఐర్లండు కథే.

ఐర్లండే ఎందుకని అడిగేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు మన దాకా రాకముందు ఆ విద్య నేర్చుకున్నది అక్కడే అని చెప్పేదాన్ని. పక్కనే ఉన్న దీవి. ముందు ఉత్తరాన కొంత భూమి లాక్కుని తమవాళ్ళని తెచ్చి కూర్చోబెట్టారు. తరువాత పెద్ద యుద్ధం వచ్చింది. యుద్ధం చేసిన సైనికులకి జీతం ఇవ్వడానికి ఖజానాలో ఏమీ లేదు. సరే, భూమి ఇస్తాం అన్నారు. ఎవరి భూమి? ఓడిపోయినవాళ్ళది. అసలు యజమానుల్ని నది దాటించి, పడమటి వైపు రాళ్ళ నేలకి పొమ్మన్నారు. మిగిలినదాన్ని గొలుసులు పట్టుకుని ఎకరం ఎకరం కొలిచి, మ్యాపులు గీసి, చీట్లు వేసి పంచుకున్నారు. తమాషా ఏమిటంటే, దున్నేవాళ్ళు లేకపోతే భూమి ఉండి ఏం లాభం? అందుకని నిన్నటిదాకా సొంత భూమి దున్నుకున్నవాళ్ళలో చాలామంది అదే భూమి మీద కౌలుదార్లుగా మిగిలారు.

ఇది చెబుతుంటే వెనక బెంచీలో నిద్రపోయే కుర్రాళ్ళు కూడా తల ఎత్తేవాళ్ళు. అది నాకు గర్వంగా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

అప్పుడే ఆ వెల్లువ వచ్చింది. మన దేశంనుంచి స్టూడెంట్లు విమానాలు విమానాలుగా దిగిన రోజులు మీకు తెలుసు, మీలో కొందరు వాటిల్లోనే దిగారు. నాకున్న రెండు సెక్షన్లు ఐదయ్యాయి. జిమ్‌లో అట్ట గోడలు పెట్టి క్లాసులు నడిపారు, అటువైపు అకౌంటింగు, ఇటువైపు నా ఐర్లండు. ఊళ్ళో గంటకొక బస్సు, అదీ ఆదివారం లేదు. స్నోలో నడిచి వచ్చి, బూట్లు తడిసిపోయి, కోటు కింద కాఫీ షాపు యూనిఫామ్‌తో కూర్చునేవాళ్ళు. వాళ్ళు రాసి పంపే వ్యాసాలు మాత్రం అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండేవి. కొన్ని ఒకరి దగ్గర ఒకరు కాపీ, కొన్ని మెషిన్ రాసిచ్చినవి. వాటిని పట్టుకోవడమే నా పనైపోయింది. పాఠం చెప్పడం మానేసి పోలీసునయ్యాను అనుకోండి.

అది చాలదన్నట్టు ఒకరోజు కోఆర్డినేటరమ్మ నన్ను పిలిచింది. మంచి మనిషే, మాట మెత్తగా ఉంటుంది. "కొంతమంది స్టూడెంట్లు ఒక మాట అంటున్నారు. మీ భాష వాళ్ళకి నువ్వు మార్కులు ఎక్కువ వేస్తావని. నేను నమ్మను అనుకో" అంది. నమ్మనిదానివి పిలిచి చెప్పడం దేనికి? నాకు తల కొట్టేసినట్టయింది. కాకినాడలో నన్ను వెనకాల రాక్షసి అనేవాళ్ళు. సొంత చెల్లెలి కూతురిని ఇంటర్నల్స్‌లో ఫెయిల్ చేసిన దాన్ని. నా మీద పక్షపాతమనే మాటా!

ఆ రోజునుంచి కాలేజీ గేటు లోపల తెలుగు మాట్లాడటం మానేశాను. ఎవరైనా "మేడమ్, మీరు తెలుగువాళ్ళా?" అంటే "ఇంగ్లీష్, ప్లీజ్" అనేదాన్ని.

ఆ మాట పడ్డవాళ్ళలో ఆ పిల్ల ఒకతె. పల్నాడు వైపు నుంచి వచ్చింది. సన్నగా, నల్లగా, ఎప్పుడూ నిద్ర చాలని కళ్ళతో ఉండేది. మొదటి క్లాసు అయ్యాక నా దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చి, "మేడమ్, మీ యాస వినగానే మా పిన్ని గుర్తొచ్చింది" అంది. నేను ఇంగ్లీష్ ప్లీజ్ అన్నాను. ముఖం చిన్నబుచ్చుకుని, "సారీ మేడమ్" అని వెళ్ళిపోయింది. మళ్ళీ నా దగ్గర తెలుగు ఎత్తలేదు, ఆ ఒక్క రోజు తప్ప.

ఆ టర్మ్‌లో నేనిచ్చిన అసైన్‌మెంట్ ఇది: ఐర్లండు భూముల పంపకంలో ఒక మనిషిని ఎంచుకోండి, ఆ పంపకం అతనికి ఏం చేసిందో రాయండి. అందరూ సేనాధిపతినో, భూమి దక్కిన సైనికుడినో, పోగొట్టుకున్న దొరనో ఎంచుకున్నారు. ఈ పిల్ల గొలుసు పట్టుకున్నవాడిని ఎంచుకుంది.

ఆమె ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ రాసింది చదువుతుంటే నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. కొలతకి వచ్చిన సర్వేయరు పరాయివాడు, అతనికి ఏ పొలం ఎక్కడ మొదలవుతుందో తెలియదు, అందుకని ఆ ఊరి పేదవాడిని ఒకడిని వెంటబెట్టుకు వెళ్ళాడు. ఎల్లలన్నీ వాడి కాళ్ళకి తెలుసు. ఎల్లకి అటూ ఇటూ వాడికి మాత్రం జానెడు నేల లేదు. తన ఊరిని ఇంకొకరికి రాసివ్వడానికి గొలుసు రెండో కొస వాడే పట్టుకున్నాడు. ఇంతవరకు ఊహ అనుకోవచ్చు. తరువాత ఇలా రాసింది: "రోజూ వాడే గొలుసులో కడియాలు అరుగుతాయి. అరిగినకొద్దీ గొలుసు పొడుగవుతుంది. పొడుగైన గొలుసుతో కొలిస్తే పొలం తక్కువ పడుతుంది. సర్వేయరు గమనించలేదు. గొలుసు మోసేవాడికి తెలుసు. చెప్పలేదు. కాగితంలో ఎకరాలు తగ్గితే, ఆ నేల మీద కౌలుకి మిగిలిపోయిన తనవాళ్ళ మీద కౌలు అంత తగ్గుతుంది. వాడు చేయగలిగింది అంతే."

నాకు మతిపోయింది. ఎందుకంటే ఆనాటి కొలతలో భూమి ఉన్నదానికంటే తక్కువ పడిందని చరిత్రకారులు అంటారు. ఆ సంగతి నేను క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. సప్లై చైన్ చదివే పిల్లకి, రెండో టర్మ్‌లో, ఇది ఎలా తెలిసింది? ఏదో పుస్తకంలోంచి ఎత్తి ఉండాలి. కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేశాను, ఏమీ దొరకలేదు. రెండు రోజులు లైబ్రరీలో వెతికాను, ఏమీ దొరకలేదు. దొరకకపోతే ఆమె రాసిందేనని ఎందుకు అనుకోలేదు నేను? దొరకనంత తెలివిగా కాపీ కొట్టిందనుకున్నాను. వ్యాసం చివర ఒక లైను ఉంది: "గొలుసు సంగతి నాకు చెప్పింది మా తాతగారు." దాని పక్కన నేను ఎర్ర ఇంకుతో రాసిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఇది ఆధారం కాదు అని రాశాను.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథంతా అబద్ధమవుతుంది. ఆ వ్యాసం చదువుతుంటే నాకు కోపం వచ్చింది. మా అమ్మ తండ్రి ఊళ్ళో వెట్టివాడు. రెండు పొలాల మధ్య తగవు వస్తే పెద్దలు ఆయన్ని పిలిచేవాళ్ళు, ఆయన వెళ్ళి గట్టు ఎక్కడుండాలో కాలితో చూపించి, దూరంగా నిలబడేవాడు. ఆయనకి సెంటు భూమి లేదు. మిషన్ బడి పుణ్యమా అని మా నాన్న టీచరయ్యాడు, నేను లెక్చరర్నయ్యాను. కెనడాలో ఎవరైనా "మీదే ఊరు, మీ పెద్దవాళ్ళు ఏం చేసేవారు" అని కూపీ లాగితే, "మాది టీచర్ల కుటుంబమండీ" అని అక్కడితో ఆపేసేదాన్ని. ఆ పిల్ల నేను మూతవేసినదాన్ని తెరిచి, వ్యాసంగా రాసి, నాకే ఇచ్చి మార్కులు వేయమంది. నా కోపంలో సగం దానికే.

నా పక్క డెస్కులో కమ్యూనికేషన్స్ చెప్పే పెద్దాయన ఉండేవాడు. పొడుగ్గా, ఎర్రగా, నవ్వితే దగ్గొచ్చే మనిషి. ఆయన పూర్వీకులు ఐర్లండులో కౌలుదార్లు. ఆకలికి తాళలేక ఓడెక్కి వస్తే ఇక్కడ వంద ఎకరాలు ఇచ్చారట. "అక్కడ మా దగ్గర లాక్కున్నారు, ఇక్కడ ఇంకొకరి దగ్గర లాక్కుని మాకిచ్చారు, మేం థాంక్యూ చెప్పి పుచ్చుకున్నాం" అనేవాడు. కాలేజీకి పది నిమిషాల దూరంలోనే ఇక్కడి ఆదివాసులకి మిగిల్చిన రిజర్వు ఉంది, ఆయన గుర్తుచేస్తూ ఉండేవాడు, మేం వింటూ ఉండేవాళ్ళం. ఆయనకి ఆ వ్యాసం చూపించాను.

చదివి, కళ్ళద్దాలు తీసి, "బాగుంది. ఆ పిల్లని అడిగావా?" అన్నాడు.

"ఏమని?"

"తాత ఏం చేసేవాడని."

"తాతలు అందరికీ ఉంటారు. దొరికిపోయిన ప్రతివాడూ తాతనో మామ్మనో అడ్డం పెట్టుకుంటాడు" అన్నాను.

"అయినా అడిగితే పోయేదేముంది?"

ఏమీ పోయేది కాదు. అడగలేదు. అడగాలంటే తెలుగులో అడగాలి, తెలుగులో అడిగితే కోఆర్డినేటరమ్మ చెవిన పడుతుంది. ఫారం నింపి, కాపీ కేసులు తేల్చే కమిటీకి పంపేశాను.

మామూలుగా అయితే మొదటి తప్పుకి వార్నింగు, ఆ అసైన్‌మెంటుకి సున్నా, అంతే. కానీ ఆ పిల్ల ఫైల్లో అప్పటికే ఒకటి ఉంది. మొదటి టర్మ్‌లో ఒకే ఇంట్లో ఉన్న నలుగురమ్మాయిలూ ఒకే లెక్కల అసైన్‌మెంట్ ఇచ్చి దొరికారు. అందరికీ వార్నింగు పడింది. అందుకని ఇది రెండోది. రెండోదానికి ఒక టర్మ్ సస్పెన్షన్. ఇక్కడ పుట్టిన పిల్లకైతే అది నాలుగు నెలల సెలవు. పర్మిట్ మీద వచ్చిన పిల్లకి అలా కాదు. ఫుల్‌టైమ్ చదువు మధ్యలో తెగితే స్టడీ పర్మిట్‌కి చిక్కు, రేపు వర్క్ పర్మిట్‌కి ఎసరు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం కూడా లేదు నాకు.

కమిటీ మీటింగు గురువారం. బుధవారం మధ్యాహ్నం ఆ పిల్ల నా డెస్కు దగ్గరికి వచ్చింది. రెండు చేతులతో ఒక కాగితం పట్టుకుంది. చుట్టూ చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, మెల్లగా తెలుగులో అంది. "మేడమ్, మా రూమ్మేట్స్ అపాలజీ లెటర్ ఇచ్చేయమన్నారు. ఇస్తే వదిలేస్తారంట. ఇట్టా రాస్తే సరిపోద్దా, ఒక్కసారి చూస్తారా?"

చూశాను. మన పిల్లలు రాసే లెటరే. గౌరవనీయులైన మేడమ్ గారికి, నేను చేసిన తప్పుకి చాలా బాధపడుతున్నాను, దయచేసి ఈ ఒక్కసారికి మన్నించండి, ఇకమీదట ఇలాంటిది జరగదు, మీ విధేయురాలు. అదంతా ఇంగ్లీషులో.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి మీరు. కాకినాడలో నా బీరువాలో ఒక అర నిండా అపాలజీ లెటర్లే. స్లిప్పులు పెట్టి దొరికినవాడూ రాశాడు, బస్సు లేటయినవాడూ రాశాడు, పక్కవాడు నవ్వితే వీడు దొరికినందుకూ రాశాడు. నేను రాయమంటేనే రాశారు. ఆ కాగితానికి తప్పు చేశానని అర్థం కాదు. మీరు పెద్దవాళ్ళు, మీ మాటకి ఎదురు చెప్పను, ఇక కోపం చాలించండి అని అర్థం. అది తీసుకుని, రెండు తిట్టి, క్లాసులోకి పొమ్మనేదాన్ని. ఎవరిది తప్పో తేల్చే పని ఎవరికీ ఉండేది కాదు. కెనడాలో ఆ కాగితం నేరం ఒప్పుకున్నట్టు చేతిరాతతో ఇచ్చిన సాక్ష్యం. ఈ రెండూ తెలిసినది ఆ కాలేజీ మొత్తంలో నేనొక్కదాన్నే.

"అమ్మా, ఇది ఇవ్వకు. నిన్ను తాత గురించి అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు చెప్పు" అంటే సరిపోయేది. పట్టున పది మాటలే.

నేను ఇంగ్లీషులో చెప్పాను. "ఫిర్యాదు ఇచ్చింది నేను కాబట్టి దీని గురించి నేనేమీ మాట్లాడకూడదు. ఇవ్వాలో వద్దో నీ ఇష్టం."

ఆ పిల్ల ఒక క్షణం నా ముఖంలోకి చూసింది. నేను కాగితం తిరిగి ఇస్తుంటే, బాగానే ఉందనే అర్థం చేసుకున్నట్టుంది. బాగోలేకపోతే మేడమ్ తిట్టి ఉండేది కదా అనుకుని ఉంటుంది. "థాంక్యూ మేడమ్" అని కాస్త నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

గురువారం మీటింగు ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. కమిటీ పెద్ద ఆ కాగితం చదివి, బల్ల మీద పెట్టి, "ఇది నువ్వే రాశావా?" అని అడిగాడు.

"అవును సర్."

"ఎవరైనా బలవంతపెట్టారా?"

"లేదు సర్."

"అయితే ఆ వ్యాసంలో భాగాలు వేరే చోటనుంచి తీసుకున్నావని ఒప్పుకుంటున్నావు."

ఆ పిల్ల తల తిప్పి నావైపు చూసింది. ఆ ప్రశ్న ఆమె అనుకున్నదాంట్లో లేదు. లెటర్ ఇచ్చాక తిడతారు, తిట్టాక పొమ్మంటారు, అంతవరకే ఆమెకి తెలుసు. ఏం చెప్పాలో నన్ను అడుగుతోంది ఆ చూపు. నేను నా ఫైలు వైపు చూసుకున్నాను. ఇక ఏం చేస్తుంది పాపం, తల వంచుకుని, "సారీ సర్. సారీ మేడమ్" అంది.

అతను అది రాసుకున్నాడు.

ఐర్లండు పాఠంలో నేను ప్రతి టర్మూ తప్పకుండా చెప్పే ముక్క ఒకటుంది. పడమటికి పొమ్మన్న యజమానులు తమ వివరాలు తామే ఇవ్వాలి. ఇంట్లో ఎంతమంది, ఎవరి జుట్టు ఏ రంగు, ఎన్ని ఆవులు, చేలో ఏముంది. ఇస్తే కాస్త కనికరిస్తారేమో అనుకుని ఒక్కటీ వదలకుండా చెప్పుకున్నారు. ఆ కాగితం పట్టుకునే వాళ్ళని పంపించారు. ఆ ముక్క చెప్పేటప్పుడు నా గొంతు కాస్త వణికించేదాన్ని కూడా. మీటింగులో అది గుర్తొచ్చిందని అబద్ధం చెప్పను. చాలా రోజుల తరువాత, గిన్నెలు తోముకుంటుంటే గుర్తొచ్చింది.

సస్పెన్షన్ పడింది. రెండు వారాల తరువాత ఆ పిల్ల పనిచేసే కాఫీ షాపులో ఇంకొక అమ్మాయి కనిపించింది. అడిగితే, "తను ఇండియా వెళ్ళిపోయింది కదా ఆంటీ, ఇక్కడ ఉండి ఏం చేయాలో ఎవరూ సరిగ్గా చెప్పలేదు" అంది. కాఫీ తీసుకుని కారులో కూర్చున్నాను. చల్లారిపోయేదాకా తాగలేదు.

ఇక విండ్సర్ సంగతి, ఒంటారియోలోనే ఇంకొక పట్నం అది. అక్కడ నెలకొకసారి మన తెలుగు క్రైస్తవ కుటుంబాలు కూడి ప్రార్థన చేసుకుంటాయి, తరువాత భోజనాలు. ఆ వేసవిలో కొడుకు దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చిన ఒక అంకుల్ నా పక్కన కూర్చున్నారు. ఏలూరు మనిషి, సర్వే డిపార్ట్‌మెంటులో రిటైరయ్యారు. పులిహోర తింటూ పాత ఉద్యోగం కబుర్లు చెబుతున్నారు. నాకు నోరు ఊరుకోదు కదా, "అంకుల్, గొలుసు వాడగా వాడగా సాగుతుందా?" అని అడిగాను.

"ఓసి, అదేం ప్రశ్నమ్మా! సాగకపోతే దాన్ని ఎప్పటికప్పుడు సరిచూసుకోమని మా ప్రాణాలు ఎందుకు తీసేవారు? కడియాలు అరిగి సాగుతుంది. పొలం తక్కువ పడుతుంది."

"ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?"

"మాకు పుస్తకంలో తెలుసు. గొలుసు మోసే చైన్‌మన్‌కి చేతిలో తెలుసు. పట్టుకోగానే చెప్పేస్తాడు. కొంతమంది చెప్పరు" అని నవ్వారు. "బీదరైతు పొలమైతే చెప్పేవారు కాదు. తక్కువ పడితే శిస్తు తక్కువ కదా. మేమూ చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళం."

ఏ పుస్తకంలో వెతికాను నేను రెండు రోజులు? ఆ పిల్ల వ్యాసం చివర నాకు దారి చూపించి మరీ పెట్టింది. చేతిలో ప్లేటు అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాను.

సోమవారం పొద్దున్నే కమిటీకి రాశాను. నాదే తప్పు, ఆ పిల్ల చెప్పింది నిజం అని. జవాబు మర్యాదగానే వచ్చింది. స్టూడెంటు స్వయంగా ఒప్పుకున్న కేసు కాబట్టి, అప్పీలు గడువు దాటింది కాబట్టి, అప్పీలు స్టూడెంటే చేసుకోవాలి కాబట్టి. మూడు కాబట్టిల తరువాత నాకు శుభాకాంక్షలు. పక్క డెస్కు పెద్దాయనకి చూపించాను. ఆయన నవ్వలేదు. "ఇప్పుడైనా అడుగు" అన్నాడు, అంతే.

కాఫీ షాపు అమ్మాయి దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది.

"నేనమ్మా, మేడమ్‌ని" అన్నాను, తెలుగులో.

"మేడమ్! ఇందాక ఫోన్ చూసుకోలేదు, సారీ మేడమ్."

సారీ నువ్వు చెప్పకమ్మా అన్నాను. తరువాత అంతా చెప్పాను. విండ్సర్ అంకుల్ మాట, కమిటీకి రాసింది, బుధవారం నాడు నోరు విప్పనిది. లెటర్ ఇవ్వొద్దని నేను చెప్పి ఉండాల్సిందని చెప్పాను. ఆ పిల్ల అంతా వింది. చివరికి అడిగింది. "అంటే మేడమ్, అప్పుడే మీకు తెలుసా, ఆ లెటర్ ఇస్తే నా చదువు పోద్దని?"

"తెలుసమ్మా."

ఆ మాట విని ఫోన్ పెట్టేసినా నేను తప్పు పట్టేదాన్ని కాదు.

"ఇప్పుడు నేనేం చేయనమ్మా? అప్పీలుకి నువ్వు రాస్తానంటే నేను వెంట నిలబడతాను. మళ్ళీ రావడానికి కావాల్సినవి..."

"నేను మళ్ళీ రాను మేడమ్" అంది. కోపంగా కాదు, ఎప్పుడో తేల్చుకున్నట్టు. "మీరు చేయాలంటే ఒకటి చేయండి. మా తాతకి ఒక లెటర్ రాయండి. తెలుగులో. నేను తిరిగొచ్చినప్పటినుంచి ఆయన తన మాట వల్లే నా చదువు పోయిందనుకుంటున్నాడు. సర్వేలో తను చేసిన గొలుసు పని గురించి మాట్లాడటమే మానేశాడు. ఇదివరకు ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పేవాడు మేడమ్, ఆపమన్నా ఆపేవాడు కాదు. ఆయన చెప్పింది కరెక్టేనని మీరు రాయండి. ఇంకేం వద్దు."

అంతమంది చేత రాయించుకున్న నాకు, అపాలజీ లెటర్ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదంటే నమ్ముతారా? మూడు కాగితాలు చింపేశాను. పూజ్యులైన అని మొదలుపెడితే నాటకంలా ఉంది. చివరికి "అయ్యా" అని మొదలుపెట్టాను. మీ మనవరాలు రాసింది నిజం, ఆమె ఎక్కడా కాపీ కొట్టలేదు, మీరు చెప్పినది పెద్ద పెద్ద చరిత్రకారులకి కూడా పనికొచ్చే మాట, తెలుసుకోకుండా శిక్ష వేయించింది నేను, తప్పు నాది. అక్కడితో ఆపితే సరిపోయేది. చెయ్యి ఆగలేదు. మా తాత కూడా ఊళ్ళో ఎల్లలు చూపించే పనే చేసేవాడండీ, నేను ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు, మీ మనవరాలు దాచుకోకుండా రాసింది, అందుకే నాకు కోపం వచ్చిందేమో అని రాశాను. లాగి లాగి గొలుసు సాగుతుందని మీరు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు అని కూడా రాసి, సంతకం పెట్టి, పోస్టులో వేశాను.

నెల దాటాక ఆ పిల్లనుంచి వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. "మేడమ్, లెటర్ అందింది. తాత రెండుసార్లు చదివించుకున్నాడు. మీ తాతగారి ముక్క దగ్గర ఆపి, ఇంకోసారి చదవమన్నాడు. మీకు ఒక మాట చెప్పమన్నాడు." వెనకాలనుంచి ముసలి గొంతు గట్టిగా, నన్ను ఎదురుగా పెట్టుకుని పాఠం చెబుతున్నట్టు వినిపించింది. "లాగితే సాగదమ్మా! కడియాలు అరిగితే సాగుద్ది. లాగితే సాగుద్దని రాశావు, అది తప్పు. దిద్దుకో."

దిద్దుకున్నాను. ఆ తరువాత రిటైరయ్యేదాకా ప్రతి టర్మూ ఐర్లండు పాఠంలో గొలుసు గురించి చెప్పాను, అరిగిన కడియాలతో సహా. ఇది ఎవరు చెప్పారని పిల్లలు అడిగితే, పల్నాడులో ఒక చైన్‌మన్ గారు అని చెప్పాను. బోర్డు మీద ఆధారాలు అని రాసిన చోట ఆయన్ని మొదట పెట్టాను. మన పిల్లలెవరైనా అపాలజీ లెటర్ పట్టుకుని నా దగ్గరికి వస్తే, దాన్ని మడిచి తిరిగి వాళ్ళ చేతిలో పెట్టి, తలుపు వేసి, కూర్చోమని, ఏం జరిగిందో తెలుగులో చెప్పమన్నాను. కోఆర్డినేటరమ్మ ఒకసారి తలుపు తట్టింది. తట్టనీ అనుకున్నాను.

ఆ పిల్ల మళ్ళీ కెనడా రాలేదు. రిటైరయ్యే రోజు నా ఫైళ్ళన్నీ అప్పగిస్తూ, ఆ కేసు ఫైలు ఒకసారి తెరిపించి చూశాను. నేను కమిటీకి రాసింది అందులో లేదు, గడువు దాటి వచ్చినవి ఫైల్లో పెట్టరట. నేను తాతగారికి రాసింది పల్నాడులో ఎవరింట్లోనో ఉంది. కాలేజీ ఫైల్లో మాత్రం ఇప్పటికీ ఒక్క అపాలజీ లెటరే ఉంది. అది ఆ పిల్లది.